‘ప్రతులకు’ – బెజవాడ పుస్తకాల దుకాణాలూ, మన సాహిత్య విమర్శా

మన విమర్శ వ్యాసాలు తిరగేస్తే రచయిత కనిపిస్తాడు, అతని వర్గ స్వభావం కనిపిస్తుంది, వస్తువు గురించీ శిల్పం గురించీ కావలసినంత చర్చ కనిపిస్తుంది. పాఠకుడి ప్రస్తావన కూడా అడపాదడపా వస్తుంది. వీళ్లిద్దరి మధ్యా పుస్తకం ఎలా ప్రయాణం చేసింది, ఎవరు మోశారు, ఎక్కడ దించారు, ఎంతకు అమ్మారు అన్న ప్రశ్న మాత్రం రాదు. అచ్చయిన పుస్తకం తనంతట తానే గాలిలో ఎగిరివచ్చి పాఠకుడి ఒళ్లో వాలుతుందన్నట్టే మనవాళ్లు రాస్తారు. ఉత్పత్తి, పంపిణీ, వినియోగం వేరువేరు గదులు కావనీ, వినియోగంలోకి వచ్చేదాకా ఉత్పత్తి పూర్తి కాదనీ 1857లో మార్క్స్ రాసుకున్న విషయాన్ని సభల్లో ఉదహరించడం మనకు పరిపాటే. బట్టల మిల్లు గురించీ వరి ధాన్యం గురించీ ఆ మాట చెబుతాం. మన సొంత సరుకు దగ్గరకు వచ్చేసరికి అది గుర్తు రాదు.

ప్రతి తెలుగు పుస్తకంలోనూ ఒక పేజీ ఉంటుంది. లోపలి అట్ట దాటగానే, అంకితానికి ముందో వెనకో, ముద్రణ సంవత్సరం, ప్రతుల సంఖ్య, వెల, ముఖచిత్రం వేసినవారి పేరు, ప్రెస్సు పేరు, వాటి కింద ‘ప్రతులకు’ అన్న మాట, దాని కింద చిరునామాలు. ఎవరూ చదవని పేజీ అది. ఒక తరం పుస్తకాలను బల్లమీద వరసగా పేర్చి, కథా కవిత్వమూ పక్కన పెట్టి, ఆ ఒక్క పేజీనే చదువుకుంటూ పోతే తెలుగు సాహిత్య చరిత్రలో ఇంకా రాయని అధ్యాయం ఒకటి బయటపడుతుంది. అరవైల, డెబ్బైల పుస్తకాల్లో అక్కడ తరచుగా కనిపించేది ఒక ప్రచురణ సంస్థ పేరు, ‘అన్ని శాఖలలో’ అన్న మాట, ఊరు విజయవాడ. ఇవాళ్టి కవితా సంపుటాల్లో ఎక్కువగా కనిపించేది రచయిత ఇంటి చిరునామా, సెల్‌ఫోన్ నంబరు. ఈ మార్పు సాహిత్యానికి బయట జరిగిన వ్యాపార పరిణామమేనని కొట్టిపారెయ్యడానికి వీల్లేదు. అది మన కవిత్వంలోకీ, కథలోకీ, ముఖ్యంగా మన విమర్శలోకీ వచ్చి కూర్చుంది. ఆ సంగతి తెలియాలంటే బెజవాడ పుస్తకాల దుకాణాలను కూడా ఒక గ్రంథంలాగా చదవాలి.

బెజవాడ పుస్తకాల ఊరు ఎందుకయింది? కవులు పుట్టినందుకు కాదు. ఆ లెక్కన రాజమండ్రిదీ విజయనగరానిదీ పై చెయ్యి. తెలుగు పుస్తకానికి మొదటి రాజధాని మద్రాసు. వావిళ్ల వారి ముద్రణాలయం అక్కడిదే. రాజమండ్రిలో కొండపల్లి వీరవెంకయ్య, అద్దేపల్లి వంటి సంస్థలు పురాణాలూ కావ్యాలూ శతకాలూ ఊరూరికీ అందించాయి. బెజవాడ వంతు వచ్చింది కాలువల వల్లా రైళ్ల వల్లా. నాలుగు దిక్కుల రైళ్లూ కలిసే జంక్షనులో సాయంత్రం పార్సెలు పడేస్తే మర్నాటికి శ్రీకాకుళం వైపూ, నెల్లూరు వైపూ, వరంగల్లు వైపూ చేరుతుంది. పత్రికలు ఇక్కడికి చేరడానికీ, సినిమా పంపిణీదార్లు గాంధీనగరంలో ఆఫీసులు తెరవడానికీ ఉన్న కారణమే పుస్తకాలకూ పనికొచ్చింది. 1948లో రేడియో స్టేషను వచ్చింది. 1952లో ‘విశాలాంధ్ర’ దినపత్రిక, 1960లో ‘ఆంధ్రజ్యోతి’ ఇక్కడే మొదలయ్యాయి. పత్రిక ఉన్నచోట ప్రెస్సుంటుంది, కంపోజిటర్లుంటారు, ప్రూఫులు దిద్దేవాళ్లుంటారు, బైండింగు పనివాళ్లుంటారు. పుస్తకం పుట్టడానికి కవి ఒక్కడే చాలడు.

రైలు సరుకును తెస్తుంది గాని చదివేవాణ్ణి తేలేదు. అతణ్ణి తయారుచేసింది గ్రంథాలయోద్యమం. అయ్యంకి వెంకటరమణయ్య చొరవతో 1911లో రామమోహన గ్రంథాలయం వెలిసింది. 1914 ఏప్రిల్‌లో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మొదటి మహాసభ బెజవాడలోనే జరిగింది. 1935 నాటికి కృష్ణా కాలువల్లో పడవ మీద గ్రంథాలయం తిరిగింది. కోత కోసివచ్చి అరుగు మీద కూర్చున్న మనిషి దగ్గరకు పుస్తకం నడిచి వెళ్లాలనే ఊహ అప్పటిది. తర్వాత వచ్చిన అభ్యుదయ పుస్తక ప్రచారానికి నేల దున్నిపెట్టింది ఆ ఉద్యమమే. ఈ రుణాన్ని మన చరిత్రలు సరిగా చెప్పుకోలేదు. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడిందని రాస్తాం, తీర్మానాలు రాస్తాం, అధ్యక్షుల పేర్లు రాస్తాం. ఆ రచయితలు రాసినదాన్ని కొని చదవగలిగిన మనుషులు ఆ జిల్లాల్లో అప్పటికే ఎలా ఉన్నారని అడగం.

ఏలూరు రోడ్డు మీద నడిస్తే మొదట కనిపించే వింత పేరులో ఉంది. రిక్షా అతనికీ, బస్సు కండక్టరుకూ, పుస్తకాలు కొనేవాళ్లకూ అది ఏలూరు రోడ్డే. ప్రచురణకర్తల చిరునామాల్లో మాత్రం కార్ల్ మార్క్స్ రోడ్డు. నవోదయ వారు ముళ్లపూడి వెంకటరమణ హాస్యం అచ్చువేసినా కింద చిరునామా కార్ల్ మార్క్స్ రోడ్డే. ఒక వీధి పేరు మార్చడం ఉద్యమానికి తేలికయిన పని. జనం నోట్లో దాన్ని నిలపడం కష్టం. అయినా ఈ పేరు పుస్తకాల లోపలి పేజీల్లో బతికి ఉండటం నాకు బాగానే అనిపిస్తుంది. వీధిలో కంటే అక్కడే దానికి తగిన చోటు దొరికింది.

దుకాణం అంటే నాలుగు బీరువాలూ ఒక కౌంటరూ అనుకుంటాం. మంచి దుకాణం నిజానికి ఒక సంకలనం. ఏది ముందు వరసలో పెట్టాలో, ఏది అయిపోతే మళ్లీ తెప్పించాలో, ఏది రెండేళ్లయినా తిరగ్గొట్టకుండా ఓపిక పట్టాలో రోజూ తేల్చుకునే మనిషి సంపాదకుడి పనే చేస్తున్నాడు. ఏలూరు రోడ్డు దుకాణాలకు ఒక్కొక్కదానికీ ఒక్కో రుచి ఉండేది. నవోదయలో బాపు బొమ్మల అట్టలు, అచ్చు అందం, రమణ వాక్యం. అది ఒక మధ్యతరగతి సంస్కారం; దాని పరిమితులు దానికున్నా, తెలుగు పుస్తకం కంటికి ఇంపుగా ఉండాలని పట్టుబట్టింది వాళ్లు. మన శిబిరపు పుస్తకాలు చాలాకాలం అట్టల విషయంలో చూపిన నిర్లక్ష్యం చూస్తే ఆ పట్టుదల విలువ తెలుస్తుంది. దేశికవితా మండలి పేరు చెబితే శరత్ నవలలు గుర్తొస్తాయి. బెంగాలీ అక్షరం ఒక్కటి రానివాళ్లు కూడా శరత్‌ను తమ ఊరి రచయితగానే చదువుకున్నారంటే అనువాదకుల చలవ ఎంతో ప్రచురణకర్త చలవా అంతే. విశాలాంధ్ర, ప్రజాశక్తి దుకాణాల్లో సిద్ధాంత గ్రంథాలు ఒక గోడ, సాహిత్యం ఒక గోడ. ఒక దుకాణంలో కథల పుస్తకం కొన్నవాడు రోడ్డు మీద నాలుగడుగులు వేసి మరో దుకాణంలో లెనిన్‌ను తిరగేసి ఇంటికి పోగలడు. ఈ ఇరుగుపొరుగు వల్ల జరిగే పని మన సెమినార్లలో జరగదు. సెమినారుకు వచ్చేది అంతకుముందే ఒప్పుకున్నవాళ్లు.

వీటిలో విశాలాంధ్ర ప్రచురణాలయం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. అభ్యుదయోద్యమం సాధించినవాటిలో దేనిది పెద్దపీట అని అడిగితే చాలామంది ఏదో ఒక కావ్యం పేరు చెబుతారు. నేను ముందు ఆ పంపిణీ వ్యవస్థ పేరు చెబుతాను. ‘మహాప్రస్థానం’ గీతాల్లో ఎక్కువ భాగం ముప్ఫైలలో రాసినవి. చలం ‘యోగ్యతాపత్రం’ 1940 నాటిది. పుస్తకం అచ్చయింది 1950లో, మచిలీపట్నం నుంచి, నళినీకుమార్ పూనిక వల్ల. ముందుమాట సిద్ధమయ్యాక కూడా పదేళ్లపాటు ఆ గీతాలకు పుస్తకరూపం లేదు! ఆ పదేళ్లూ అవి పత్రికల కత్తిరింపుల్లో, చేతిరాత కాపీల్లో, నోటి మీదా బతికాయి. దీన్ని కవి కీర్తికి నిదర్శనంగా చెప్పుకుని మురిసిపోతాం. అప్పటి మన ప్రచురణ దారిద్ర్యానికి కూడా అదే నిదర్శనం కదా. ఆ తర్వాత విశాలాంధ్ర దాన్ని ముద్రణ మీద ముద్రణగా వేస్తూ, పలచని చవక పుస్తకంగా ప్రతి శాఖలోనూ అందుబాటులో ఉంచింది. ఏ ఊళ్లో ఏ కుర్రవాడికి ఎప్పుడు బుద్ధి పుట్టినా పుస్తకం దొరకాలి. శ్రీశ్రీని యువతరం కవిగా నిలిపినవి ఆ గీతాల్లోని బలమూ, ఆ దొరకడమూ – రెండూ. కొడవటిగంటి కుటుంబరావు విషయమూ అంతే. ఎక్కడెక్కడి పత్రికల్లోనో చెదిరిపోయిన ఆయన రచనలను కేతు విశ్వనాథరెడ్డి సంపాదకత్వంలో సంపుటాలుగా తెచ్చి ఉండకపోతే ఈనాటి విద్యార్థి కుటుంబరావు మీద ఒక్క సిద్ధాంత వ్యాసమైనా రాయగలిగేవాడా?

విశాలాంధ్ర వ్యాను గురించి నలభై ఏళ్లు దాటిన చదువరులను ఎవరినైనా అడగండి. చిన్న పట్టణంలో హైస్కూలు గోడ పక్కన ఆగేది. ఒక వైపు తలుపు తీస్తే అలమర. అందులో గోర్కీ ‘అమ్మ’ – క్రొవ్విడి లింగరాజు తెలుగులో. ‘నొప్పి డాక్టరు’. పెరల్‌మన్ ‘నిత్యజీవితంలో భౌతికశాస్త్రం’. మాస్కోలో అచ్చయిన గట్టి బైండు పుస్తకాలు, నున్నటి కాగితం, రంగు బొమ్మలు, వెల చూస్తే నమ్మబుద్ధి కానంత తక్కువ. ఉప్పల లక్ష్మణరావు, రాళ్లభండి వెంకటేశ్వరరావు వంటివారు అక్కడ కూర్చుని చేసిన అనువాదాలు అమలాపురంలోనూ ఆర్మూరులోనూ బడిపిల్లల చేతుల్లోకి వచ్చాయి. ఆ పిల్లల్లో కొందరు తర్వాత కమ్యూనిస్టులయ్యారు, ఎక్కువమంది కాలేదు. చదువరులు మాత్రం అయ్యారు. ఉద్యమం తనకు తెలియకుండా చేసిన ఈ మేలును రాజకీయ లాభనష్టాల పట్టీలో ఎవరూ రాయలేదు.

అయితే ఇందులోనే ఒక బలహీనత కూడా దాగి ఉంది. దాన్ని దాచిపెట్టడం విమర్శ అనిపించుకోదు. సోవియట్ పుస్తకం మీద వేసిన వెల ఆ పుస్తకం అసలు ఖరీదు కాదు. తేడా అక్కడి ప్రభుత్వం భరించింది. ఆ పుస్తకాలను చూసి చూసి మన పాఠకుడి మనసులో ‘పుస్తకం ఇంతకు రావాలి’ అన్న కొలత ఒకటి పడిపోయింది. దాని పక్కన బెజవాడలో న్యూస్‌ప్రింటు మీద అచ్చువేసిన తెలుగు కథల సంపుటి దరిద్రంగానూ కనిపించింది, ప్రియంగానూ కనిపించింది. 1991 డిసెంబరులో సోవియట్ యూనియను లేకుండా పోయింది. ఆ పుస్తకాల రాకా ఆగిపోయింది. దుకాణాల గోడల్లో ఆ వరస ఖాళీ అయినప్పుడు దాన్ని నింపగల సొంత పుస్తకాలు, సొంత బాలసాహిత్యం మన దగ్గర తగినంతగా లేవు. ఆ చవక వరసను చూసుకుని మనం ధీమాగా కూర్చున్నాం. సిద్ధాంత పతనం మీద ఆనాడు ఎన్నో సంపాదకీయాలు వచ్చాయి గాని, తెలుగు పుస్తకాల అంగడిలో ఆ ఏడాది ఏం జరిగిందో ఎవరూ లెక్క కట్టలేదు.

ఇంకో సంగతి. డెబ్బైలలో, ఎనభైలలో వీధివీధికీ అద్దె పుస్తకాల షాపులుండేవి. కిళ్లీ కొట్టు పక్కన చిన్న గది, అట్టలకు గోధుమరంగు కాగితం తొడిగిన నవలలు, రోజుకు పావలానో అర్ధరూపాయో. సీరియల్ నవలలూ డిటెక్టివులూ కోకొల్లలుగా తిరిగాయి. మన విమర్శ వాటిని వ్యాపార నవలలంది, తర్వాత క్షుద్ర సాహిత్యమంది. అనవలసిందే. కాని ఆ షాపు గురించి ఒక్క పరిశీలన లేదు. దాని వేళలేమిటి, డిపాజిట్ ఎంత, ఇంటిపని ముగించుకున్న ఆడవాళ్లు ఏ పూట ఎవరిచేత తెప్పించుకునేవారు, కొనే స్తోమత లేని ఇంట్లోకి వారానికి నాలుగు పుస్తకాలు ఎలా వెళ్లేవి? ఆ గదిలో మన కథల పుస్తకం ఒక్కటైనా ఎందుకు లేదు? ఆ షాపువాడు తీసుకోనన్నాడా, మనం ఇవ్వలేదా? ఇవ్వలేదనే నా అనుమానం. మచిలీపట్నంలో మొదలైన ఎం. శేషాచలం కంపెనీ వారు – ఎమెస్కో అన్నది ఆ పేరు పొడి అక్షరాలే – ఇంటింటా గ్రంథాలయం పథకం పెట్టి పోస్టులో నెలనెలా పుస్తకాలు పంపారు, ప్రబంధాలను సైతం పాకెట్ పుస్తకాలుగా తెచ్చారు. వ్యాపారమే. కాని పాఠకుడు ఎక్కడ కూర్చుని ఉంటాడో ఆ వ్యాపారికి తెలిసినంత మనకు తెలియలేదు. విమర్శకుడు పుస్తకంలోని విలువల మీద తీర్పు చెప్పి ఊరుకున్నాడు. అది చేరిన దారి అతని దృష్టికి ఆనలేదు.

దుకాణం సంకలనమైతే, సంకలనంలో ఎవరు లేరన్న ప్రశ్న తప్పదు. తొంభైలలో స్త్రీవాదం, దళితవాదం పుస్తకాలుగా రావడం మొదలయినప్పుడు అవి పాత పెద్ద సంస్థల గుండా రాలేదు. ‘నీలిమేఘాలు’ హైదరాబాదులో ఒక స్త్రీల సంస్థ ప్రచురణ. ‘చిక్కనవుతున్న పాట’ 1995లో త్రిపురనేని శ్రీనివాస్ నడిపిన కవిత్వం ప్రచురణల నుంచి వచ్చింది. దీన్ని బట్టి మన సంస్థలు ద్వారాలు మూసుకున్నాయని ఒకరు తీర్పు చెప్పవచ్చు. పూర్తిగా కాదనలేను. అయితే అచ్చువేసిన ఈ చిన్న సంస్థలకు సొంత దుకాణాలు లేవు. అచ్చువెయ్యడానికి వెనకాడిన వ్యవస్థే అమ్మడానికి పనికొచ్చే కౌంటరుగా ఉంది. ఏ భావధార అయినా, దానితో పేచీ ఉన్నా సరే, బల్ల మీద పెట్టి అమ్మగలిగిన దుకాణమే సాహిత్య సంస్థ. తనవారి పుస్తకాలే పెట్టుకునేదాన్ని పార్టీ ఆఫీసు అనవచ్చు. ఏలూరు రోడ్డు దుకాణాలు ఈ రెంటి మధ్యా ఊగిసలాడాయి. దుకాణం వైపు మొగ్గిన రోజులే వాటికి మంచి రోజులు.

ఇప్పటి పరిస్థితి చూద్దాం. 2014 విభజన తర్వాత సంస్థలూ విడిపోయాయి. తెలంగాణలో విశాలాంధ్ర శాఖలు నవచేతనగా, ప్రజాశక్తి శాఖలు నవతెలంగాణగా మారాయి. బెజవాడలో పార్సెలు కడితే అన్ని శాఖలకూ వెళ్లే రోజు పోయింది. ఏలూరు రోడ్డు మీద ఇవాళ ఎక్కువ సందడి గైడ్ల దగ్గర, పోటీ పరీక్షల పుస్తకాల దగ్గర. దీనికి విద్యార్థిని తిట్టి లాభం లేదు. ఉద్యోగం లేని దేశంలో గైడే ముందు వరసలో ఉంటుంది. సాహిత్యం వెనక బీరువాలోకి జరిగింది, కొన్నిచోట్ల మెట్ల కిందికి. ఒక దుకాణంలో కథల పుస్తకాలు ఎక్కడున్నాయని అడిగితే ‘ఏ తరగతికి?’ అన్నాడు కుర్రవాడు. అతని తప్పేమీ లేదు. అంతకు ముందురోజు దాకా అతన్ని ఆ ప్రశ్న ఎవరూ అడిగి ఉండరు.

ఆన్‌లైనులో అన్నీ దొరుకుతున్నాయి కదా అంటారు. దొరుకుతున్నాయి, పేరు తెలిసి వెతికేవాడికి. దుకాణంలో జరిగేది వేరు. ఒక పుస్తకం కోసం వెళ్తాం, దాని పక్కది తీస్తాం, నాలుగు పేజీలు నిలబడి చదువుతాం, మూడోది కొనుక్కుని వస్తాం. కొత్త రచయితను ఎవరూ పేరు పెట్టి వెతకరు. అతను తారసపడాలి.

ఏటా జనవరిలో జరిగే విజయవాడ పుస్తక మహోత్సవం ఈ తారసపడటానికి మిగిలిన పెద్ద అవకాశం. 1989 నుంచి నడుస్తోంది. పుస్తకప్రియుల పాదయాత్ర అని ఒక సాయంత్రం జనం పుస్తకాల కోసం వీధుల్లో నడిచే ఊరు మన దేశంలో ఎన్ని ఉన్నాయి? చాలా ఏళ్లు స్వరాజ్ మైదానంలో జరిగింది. ఆ మైదానంలో 2024 జనవరిలో 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం వెలిసింది. పుస్తకాలు పెట్టుకోవడానికే బొంబాయిలో ఇల్లు కట్టుకున్న మనిషి ఆయన. ఆ విగ్రహం నీడలో పుస్తకాల పండగకు శాశ్వతంగా కొంత జాగా కేటాయించి ఉంటే ఆయనకు అంతకంటె తగిన గౌరవం ఉండేది కాదు. అలా జరగలేదు. పండగ కాలేజీ మైదానాలూ స్టేడియమూ పట్టుకు తిరుగుతోంది. జనం మాత్రం ఎక్కడ పెట్టినా వస్తున్నారు. పదకొండు రోజుల జాతరను చూసి మిగతా 354 రోజులూ అలాగే ఉన్నాయని భ్రమపడకపోతే చాలు.

ఇక అసలు సంగతి. దుకాణం వెనక్కి తగ్గిన కొద్దీ రచయితే ప్రచురణకర్త అయ్యాడు. లెక్క కోసం ఇలా అనుకుందాం. ఒక కవి 500 ప్రతులు వేశాడు. ప్రతికి 80 రూపాయల చొప్పున 40,000 ఖర్చు. వెల 150. దుకాణానికి నూటికి నలభై కమిషను పోతే ప్రతికి చేతికొచ్చేది 90. సమీక్షలకూ మిత్రులకూ పెద్దలకూ 150 ప్రతులు పంచాడు. మిగిలిన 350 ఒక్కటి మిగలకుండా అమ్ముడైనా వచ్చేది 31,500. అంటే పూర్తిగా విజయం సాధించినా 8,500 నష్టం. మామూలుగా జరిగేది విజయం కాదు గనుక ప్రతులు మంచం కింద అట్టపెట్టెల్లో ఉంటాయి. కమిషను ఎక్కువని దుకాణందారును నిందిస్తాం. అద్దె, కరెంటు, జీతాలు, ఏడాదికి పది ప్రతులు కదలని పుస్తకం ఆక్రమించిన అలమర – ఇవి అతని లెక్కలు. ఇద్దరి లెక్కా సరైనదే. రెండూ కలిస్తే పుస్తకం ఇంట్లో ఉంటుంది.

ఇది రచయిత జేబుకు సంబంధించిన కష్టం మాత్రమే అయితే సానుభూతి చెప్పి ఊరుకోవచ్చు. రచన మీద దీని ప్రభావం పడుతోంది. అమ్మకం లేని పుస్తకం పంపకానికి తయారవుతుంది. ఎవరికి పంచబోతున్నామో ముందే తెలుసు గనుక వాళ్ల కోసమే రాయడం మొదలవుతుంది. ఒక్కొక్క సంపుటికి నాలుగేసి, అయిదేసి ముందుమాటలెందుకు? పుస్తకాన్ని పాఠకుడికి పరిచయం చెయ్యడానికైతే ఒకటి చాలు. ఆ ముందుమాటలు రాసినవాళ్లే ఆవిష్కరణ సభకు వక్తలు, వాళ్లే తర్వాత పత్రికల్లో సమీక్షకులు. ఒక శాలువా, ఒక ప్రతి, ఒక పొగడ్త – ఈ చక్రం తిరగడానికి అపరిచితుడైన పాఠకుడి అవసరమే లేదు. నిజమైన విమర్శ మొదలయ్యేది ముక్కూ మొహం తెలియనివాడు తన డబ్బు పెట్టి కొని, నచ్చక, ఎందుకు నచ్చలేదో గట్టిగా అన్నప్పుడు. దుకాణం కవికి ఇచ్చేది ఆ మనిషిని. ఇవాళ మన సమీక్షల్లో కటువైన మాట కరువయిందని వాపోతున్నాం. సమీక్షకుడికి ధైర్యం తక్కువై అలా జరిగిందని అనుకోను. పుస్తకం అతనికి చేరిన తీరులోనే ఆ మొహమాటం ఉంది. ఉచితంగా, సంతకంతో, ‘ఆత్మీయంగా’ అన్న మాటతో వచ్చిన పుస్తకాన్ని ఎవరు తిట్టగలరు?

ఆ సంతకం పుస్తకాలు చివరికి ఎక్కడ చేరతాయో చూడాలంటే లెనిన్ సెంటరు దగ్గర పాత పుస్తకాల కొట్లకు వెళ్లాలి. ఇంజనీరింగు పుస్తకాల దొంతరల కింద, చిరిగిన మాసపత్రికల మధ్య, పలచని కవితా సంపుటాలుంటాయి. మొదటి పేజీలో కవి దస్తూరీలో ఎవరికో నమస్కారం. మిగతా పేజీలు ముట్టుకున్న జాడ ఉండదు. తూకానికి వచ్చిన సరుకు. అయినా ఈ కొట్లను తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. కొత్త పుస్తకం కొనలేని విద్యార్థికి ఇదే విశ్వవిద్యాలయం. అచ్చు ఆగిపోయిన పుస్తకం మళ్లీ పరిశోధకుడి చేతికి వచ్చేది ఇక్కడినుంచే. బేరమాడకుండా ఇవ్వకూడదని పట్టుబట్టే ఆ కొట్ల యజమానుల్లో కొందరికి ఏ పాత ముద్రణ విలువ ఎంతో మన ఆచార్యులకంటె బాగా తెలుసు. ముద్రణ సంవత్సరం చూసి వెల చెబుతారు.

రచయిత పుస్తకం మోసుకుని అమ్మితే తప్పేమిటి, వట్టికోట ఆళ్వారుస్వామి మోయలేదా అని కొందరు అడుగుతారు. సరైన ప్రశ్న. 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, నిజాం రాజ్యంలో తెలుగు పుస్తకమే అపురూపమైన రోజుల్లో, ఆయన ఊళ్లు తిరిగి, ఇళ్లకు వెళ్లి పుస్తకాలు అమ్మారు. ‘ప్రజల మనిషి’ రాసిన చేతులు ఆ మూటలు మోసిన చేతులే. అయితే ఆయన మూటలో ఉన్నవి ఎక్కువగా ఇతరుల పుస్తకాలు. ఇవాళ మనం సంచిలో వేసుకుని సభకు వెళ్లేది మన పుస్తకం. తేడా ఇక్కడే ఉంది. సాటి రచయిత పుస్తకాన్ని, అందులో లోపాలున్నాయని తెలిసి కూడా, ఇది మీరు చదవాలి అని ఒక అపరిచితుడికి చెప్పి డబ్బు తీసుకోవడం సాహిత్య కార్యక్రమం. దాన్ని మనం వదిలేశాం. బెంగాల్లో విద్యాసాగరుడంతటివాడు 1847లో ముద్రణాలయం పెట్టి, పుస్తకాల అంగడి కూడా నడిపాడు. పండితుడికి అది నామోషీ అనిపించలేదు.

ప్రభుత్వం చెయ్యవలసింది లేకపోలేదు. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయాల కోసమని 1960 చట్టం చెబుతోంది. ఆ పైసలు గ్రంథాలయ సంస్థలకు సకాలంలో చేరి, వాటితో ఏటా క్రమం తప్పకుండా పుస్తకాలు కొంటే పై లెక్కలోని 500 ప్రతుల కథే మారిపోతుంది. పుస్తకం మీద జీఎస్టీ లేదంటారు. కాగితం మీద ఉంది. చిన్న ప్రచురణకర్తకు ఆసరాగా ఉన్న పాత రిజిస్టర్డ్ బుక్ పోస్టును 2024 డిసెంబరులో ఉన్నట్టుండి ఎత్తేశారు. 2025 మే నుంచి జ్ఞాన్ పోస్ట్ అని కొత్తది పెట్టారు. ఇలాంటి మార్పులు వచ్చినప్పుడు రచయితల సంఘాలు తీర్మానం చెయ్యకపోతే ఎవరు చేస్తారు?

మన వంతు పని ఇంతకంటె తేలిక. మన పత్రికల్లో సమీక్ష కింద వెల, పేజీలు, ‘ప్రతులకు’ తప్పనిసరిగా అచ్చువెయ్యాలి. రచయిత ఫోను నంబరు ఒక్కటే ఉంటే ఆ సంగతీ సమీక్షకుడు ప్రస్తావించాలి. పంపిన పుస్తకాలతో పాటు ప్రతి సంచికకూ ఒకటి రెండు, దుకాణంలో డబ్బు పెట్టి కొన్న పుస్తకాలు సమీక్షకు తీసుకోవాలి. సంఘం ప్రతి శాఖా తన ఊళ్లో ఏదో ఒక దుకాణంలో – మందుల షాపయినా, స్టేషనరీ కొట్టయినా సరే – ఒక అలమర అడిగి పుచ్చుకుని, అందులో తన సభ్యులవి కాని పుస్తకాలు సగమైనా ఉండేలా చూడాలి. తెలుగు ఎం.ఏ. విద్యార్థులకు ఒక పని చెబుతున్నాను. ఏలూరు రోడ్డు మొదలు నుంచి లెనిన్ సెంటరు దాకా ప్రతి దుకాణంలోకీ వెళ్లి, గత అయిదేళ్లలో వచ్చిన కథా కవితా సంపుటాలు ఏవి ఎన్ని ప్రతులున్నాయో, ఎన్నాళ్లుగా ఉన్నాయో, ఏ అలమరలో ఏ ఎత్తున ఉన్నాయో, వాటి ‘ప్రతులకు’ పేజీలో ఏముందో నోటు పుస్తకంలో రాసుకోండి. గుంటూరులో, వరంగల్లులో, తిరుపతిలో మీ స్నేహితుల చేత ఇదే పని చేయించండి. ఆ పట్టికలు వస్తే ఈ పత్రిక వాటిని యథాతథంగా అచ్చువెయ్యాలని సంపాదకవర్గాన్ని కోరుతున్నాను.